పరామర్శల రామనర్సయ్య

మోతె చుట్టుపక్కల రామనర్సయ్యంతటి దయగల మనిషి లేడని పేరు. సూర్యాపేటలో కానీ, మిర్యాలగూడలో కానీ, ఎవరు పోయినా అందరికంటే ముందు వాకిట్లో వాలేది అతని బుల్లెట్టు బండే. చనిపోయినవాడికీ నీకూ చుట్టరికం ఏమిటని అడిగితే మాత్రం కాసేపు ఆలోచించుకోవాల్సి వచ్చేది.

అసలు సంగతి వేరు. రామనర్సయ్యకు బండి నడపడమంటే ప్రాణం. రోడ్డు సాఫుగా ఉండి, గాలి మొహానికి కొడుతుంటే తిండి కూడా అక్కర్లేదు. కానీ పొలమూ పిల్లలూ ఉన్న యాభై ఏళ్ల మనిషి ఊరికే బండేసుకుని తిరుగుతానంటే మన పల్లెల్లో ఒప్పుకుంటారా? మొదట్లో యూరియా అనీ, మోటారు రిపేరు అనీ సాకులు చెప్పేవాడు. భార్య వసంత ఊరుకునే రకం కాదు.

"యూరియా మోతెల దొరుకతలేదా? సంచి కోసమని మిర్యాలగూడ దాంక పోయి, ఒట్టి చేతులతోని వస్తవా?" అని నిలదీసేది.

ఇలా ఉండగా కోదాడలో వసంత మేనమామ బావమరిది పోయాడు. "నేను పోయొస్త" అన్నాడు రామనర్సయ్య. వసంత నోరెత్తలేదు. పైగా ఎండకు పోతున్నాడని గ్లాసెడు మజ్జిగ ఇచ్చి పంపింది. ఆ రోజు రామనర్సయ్యకు జ్ఞానోదయమైంది. పెళ్లికి పోవాలంటే పిలుపు కావాలి, కట్నం చదివించాలి. చావుకు అవేవీ అక్కర్లేదు. ఎందుకు పోయావని అడిగేవాడూ ఉండడు.

ఇక పట్టపగ్గాల్లేవు. పొద్దున లేవగానే వాట్సాప్‌లో ఎవరి ఫొటోకు దండ పడిందా అని చూసేవాడు. దుఃఖం కూడా రోడ్డును బట్టి ఉండేది. గుంతల దారిలో ఉన్న ఊళ్లో పోయినవాడి ఆత్మకు ఇంట్లోంచే శాంతి కోరేవాడు. హైవే పక్కన పోయినవాడంటే గుండె తరుక్కుపోయేది. మిర్యాలగూడ చావైతే పోయేటప్పుడు సూర్యాపేట మీదుగా పోయి, వచ్చేటప్పుడు నేరేడుచర్ల, కోదాడ చుట్టి వచ్చేవాడు. వరి పొలాల మధ్య కూనిరాగాలు తీసేవాడు. చావింటి మలుపు రాగానే రాగం మింగేసి మొహం వేలాడేసేవాడు. హెల్మెట్‌కు అద్దం లేకపోవడంతో గాలికి కళ్లు ఎర్రబడి నీళ్లు కారుతుండేవి. అవి చూసి జనం కరిగిపోయేవారు.

"అంత దూరం నుంచి ఏడ్చుకుంటూ వచ్చాడండీ, పాపం! సొంత తమ్ముడికి కూడా ఇంత బాధ లేదు" అని కోదాడలో ఒక పెద్దాయన నీడకు కుర్చీ వేయించాడు. రామనర్సయ్య వద్దనలేదు.

ఇంత దయామయుడి కంటికి ఎదురింటి పెంటయ్య మాత్రం ఆనలేదు. పెంటయ్య చిన్ననాటి దోస్తు. సీటు అందని వయసులో, కిరాయి సైకిలు చట్రం సందులోంచి కాలు దూర్చి కైంచి తొక్కడం నేర్పింది అతనే. పడ్డప్పుడల్లా లేపి, మోకాలికి మట్టి అద్దిందీ అతనే. ఇప్పుడు పక్షవాతంతో ఒక పక్క పడిపోయి, వరండాలో మంచం పట్టాడు. అతనికున్న ఆశ ఒక్కటే: నర్సయ్య వచ్చి కాసేపు పక్కన కూర్చోవాలి. బుల్లెట్టు చప్పుడు కాగానే మెల్లగా తల తిప్పేవాడు.

"ఎటువోతున్నవ్‌రా నర్సయ్యా?"

"సావుకు పోతున్న. సూర్యాపేటల."

"జర కూసోని పోరాదు? మాట్లాడక శాన దినాలాయె."

"వచ్చినంక కూసుంట తియ్. నువ్వెటు పోతవ్, గీడనే ఉంటవ్ గద!"

వచ్చాక స్నానం చేయాలి, చావుకు పోయొచ్చాడు కదా. స్నానం తర్వాత ఆకలి, ఆ తర్వాత నిద్ర. తెల్లారితే ఇంకో చావు. పెంటయ్య దగ్గరికి పోవడానికి బండి తీయనక్కర్లేదు, వాకిలి దాటితే చాలు. చిక్కంతా అక్కడే వచ్చింది.

మొన్న వానాకాలం పంట కోతలప్పుడు మిర్యాలగూడలో ఒక రైస్ మిల్లు గుమస్తా దినాలకు వెళ్లాడు రామనర్సయ్య. ఆ గుమస్తా పేరు కూడా అక్కడి ఫ్లెక్సీ చూసే తెలుసుకున్నాడు. భోజనం బాగుంది. తిరుగుదారిలో జేబులో ఫోను మోగుతూనే ఉంది. బండి మీద ఫోను ఎత్తకూడదని అతని నియమం. ఆపి మాట్లాడదామంటే బండి మంచి ఊపు మీద ఉంది. నేరేడుచర్ల దాటినా మోగింది, కోదాడలోనూ మోగింది. ఇల్లు చేరేసరికి ఎదురింటి ముందు టెంటు వేసి ఉంది. పెంటయ్యను కాలబెట్టి జనం తిరిగొస్తున్నారు.

"పొద్దుగాల నువ్వు పోంగనే పానం పోయింది" అంది వసంత గుమ్మంలోంచి. "ఎన్నిసార్లు ఫోన్ జేసిన! ఎత్తవైతివి."

రామనర్సయ్య స్టాండు వేయడం మరిచాడు. బండి పక్కకు ఒరిగి పడింది. ఆ చప్పుడుకు కూడా వెనక్కి తిరగలేదు. ఎదురింటి వాకిట్లో కూలబడి ఏడ్చాడు. ఇన్నాళ్ల పరామర్శల్లో ఎన్నడూ రాని ఏడుపు, ముక్కు కారుతూ, చూడడానికి అసహ్యంగా వచ్చింది. ఇది మాత్రం నిజమైన దుఃఖమే. అయినా ఎవరూ దగ్గరికి రాలేదు. కాళ్లు కడుక్కుని ఎవరి ఇళ్లకు వాళ్లు వెళ్లిపోయారు.

పెంటయ్య భార్య రంగమ్మ గోడకు ఆనుకుని కూర్చుంది. అతనివైపు చూసింది.

"పొద్దుగాల గూడ నీ బండి సప్పుడు ఇని, నర్సయ్య వచ్చినంక నన్ను జర లేపి కూసోవెట్టు అన్నడు అన్నా" అంది. "మేం మిర్యాలగూడల ఉన్నా బాగుండు. గప్పుడన్న వచ్చేటోనివి."