నేర్పిన చేతులు

పల్లికాయలు ఒలిచినప్పుడల్లా నా చేతులు ఎక్కడున్నాయో ఒకసారి చూసుకుంటాను. ఎల్లారెడ్డి బస్సులో అంటుకున్న అలవాటు ఇది.

ఆ రోజు కామారెడ్డిలో బస్సెక్కి ఒకామె పక్కన కూర్చున్నాను. నలభై ఏళ్లుంటాయి. ఉడకబెట్టిన పల్లికాయలు తింటోంది. సంచి ఒడిలోనే ఉన్నా, ఒక్కో కాయను ఛాతీ ఎత్తుకు లేపి, ఎవరికో చూపిస్తున్నట్టు నెమ్మదిగా విప్పుతోంది.

నేను చూడటం గమనించి తనే చెప్పింది.

“కంపెనీల సబ్బులు డబ్బాలల్ల సర్దేదాన్ని చెల్లె. నెత్తికి కెమెరా కట్టిండ్లు. చేతులు కెమెరాకు కనబడకుండ కిందికి దించితె మళ్ల చెయ్యమనేటోళ్లు. గా వీడియోలు చూసి ఏఐ పని నేర్చుకుంటదట.”

“నేర్చుకుందా అక్కా?”

“నేర్చుకున్నది. ఇప్పుడు మిషనే సర్దుతున్నది. మమ్మల్ని ఇంటికి పొమ్మన్నరు.”

పిచ్చి ప్రశ్న ఒకటి అడిగాను. “ముందే తెలిస్తే తప్పుగా చూపించేదానివా?”

ఆమెకు కోపం రాలేదు. చేతిలో కాయను ఛాతీ ఎత్తునే విప్పింది.

“తప్పు ఎట్ల చూపిస్త? మా కోడలికి నేర్పినట్టే నేర్పిన.”

అప్పుడు తన చేతులను తనే చూసుకుంది. నవ్వబోయి ఆగి, వాటిని ఒడిలోకి దించుకుంది. నాకూ గుప్పెడు పల్లికాయలు పోసింది. ఇద్దరం ఒలుచుకున్నాం.

లింగంపేట దాటేసరికి ఆమె చేతులు మళ్లీ ఛాతీ ఎత్తుకు లేచాయి. ఈసారి నేను చూడనట్టే కూర్చున్నాను.