తెర వెనక డోర్కాస్

కలకత్తా ఖిదిర్‌పూర్ తెలుగు చర్చిలో పాట ఎత్తేది డోర్కాసే. ఎత్తేవాళ్ళు సంఘం ఎదుట నిలబడాలన్నది అక్కడి ఆనవాయితీ. పడుచుతనంలో ఆమె సినిమాల్లోనూ పాడింది. ఒక బెంగాలీ తార పాడిందని ఊరంతా మెచ్చుకునే ఆలాపన నిజానికి డోర్కాస్ గొంతే. పేరు మాత్రం ఎక్కడా వెయ్యలేదు.

ఆ తారే ఇప్పుడు చర్చి వార్షికోత్సవానికి అతిథి. సంఘపెద్ద శామ్సన్ వచ్చి నసిగాడు.

"పిన్నీ, ఆ ఆలాపన నువ్వు తెర ఎనకాల పాడెయ్. ఆవిడ నోరు కదుపుతాది."

"గుడిలో కూడానేట్రా?"

"పెద్దమనిషి పిన్నీ, పరువు పోద్ది."

"నా పరువు గురించి ఎప్పుడైనా అడిగావేట్రా?"

ఎలాగూ పాడుతుందిలే అనుకుని శామ్సన్ వెళ్ళిపోయాడు.

ఆ సాయంత్రం తార మైకు పట్టుకుని, పెదవులు విప్పి తెర వైపు చూసింది. తెర వెనక ఎవరూ లేరు. ముందు వరసలోంచి డోర్కాస్ లేచి, సంఘం ఎదుట నిలబడి ఆ ఆలాపన ఎత్తింది.