మగ్గు నీళ్ల పరీక్ష

పాపకు స్నానం చేయించి చివరి చెంబు నీళ్లు గచ్చు మీద వంపితే, అవి పల్చగా పరుచుకుని, మూల దగ్గర ఆగినట్టే ఆగి, గుడగుడమంటూ జాలీలోకి దిగిపోతాయి. ఆ చప్పుడు పూర్తయ్యేదాకా నేను తువ్వాలు అందుకోను. “అమ్మా, చలి” అని పాప నా చెయ్యి లాగుతుంది. నాకు మాత్రం ఆ చప్పుడు వెనక ముత్తమ్మత్త గొంతే వినిపిస్తుంది. “ఆగు బిడ్డా. నీళ్లను పోనియ్.”

ముత్తమ్మత్త టైల్స్ మేస్త్రి. భద్రాచలం దారిలో అడవి అంచున ఉన్న చిన్న పల్లె ఆమెది. వయసులో ఉన్నప్పుడు ఎండాకాలం బీడీలకు తునికాకు కోసేది, మిగతా రోజుల్లో కొత్తగూడెంలో ఇళ్ల పనులకు సిమెంటు తట్టలు మోసేది. మోస్తూనే మేస్త్రీల చేతుల వైపు చూసి పని పట్టేసింది. నేను ఆమెను చూసేనాటికి సొంతంగా పనులు ఒప్పుకునేది. మేం అద్దెకుంటున్న ఇంట్లో బాత్రూం గచ్చు తీసి టైల్స్ వేయడానికి వచ్చిన రోజు, ఇంటి ఓనరు గేటు దగ్గర నిలబడి ఆమె వెనక ఇంకెవరైనా వస్తున్నారేమోనని తొంగిచూశాడు.

“మేస్త్రి ఏడి?”

“నేనే. మీసాలు గావాల్నంటే చెప్పు సారూ, బొగ్గుతోని గీసుకొస్త.”

వంటింట్లో ఉన్న నేను పైకే నవ్వాను. చాలా రోజుల తర్వాత నవ్వానని నవ్వాకే తెలిసింది. అప్పటికి నా చేతిలో బీకాం పట్టా, ఒళ్లో ఎనిమిది నెలల పాప ఉన్నాయి. కాన్పుకు ముందు చేసిన బడి ఉద్యోగంలో వేరే అమ్మాయి చేరిపోయింది. మా ఆయన లారీ మీద వెళ్తే వారానికో పదిరోజులకో వచ్చేవాడు. పాప దగ్గితే భయం, దగ్గకుండా ఎక్కువసేపు పడుకున్నా భయం. ముత్తమ్మత్త నీళ్లు నింపిన సన్నటి ప్లాస్టిక్ పైపు కొన ఒకటి నాకు అందించింది. “ఊరకనే కూసున్నవ్ గద, గీ కొన పట్టుకో.”

ఆ పైపు లోపల నీళ్లు కనిపిస్తాయి. రెండు కొనల్లో నీళ్లు ఎక్కడ నిలుస్తాయో గోడల మీద అక్కడ గీతలు పెడితే, రెండు గీతలూ ఒకే ఎత్తులో ఉన్నట్టు. వాటి నుంచి కిందికి కొలుచుకుని గచ్చుకు జాలీ వైపు వాలు ఇస్తారు. “పైపుల గాలి బుడగ ఉంటె నీళ్లు అబద్ధం చెప్తయ్. ముందుగాల బుడగను చూడాలె” అంది. సాయంత్రం వెళ్తూ, “రేపు గూడ వస్తవా?” అని అడిగింది. నాకు పనేమీ రాదన్నాను. “పైపు పట్టుడు వచ్చింది గద. మిగిలింది గట్లనే వస్తది.”

అలా రెండేళ్లు ఆమె వెంట తిరిగాను. పాపను చీర ఉయ్యాలలో పడుకోబెట్టి పని చేసేదాన్ని. గచ్చు ఆరిన మర్నాడు ఆమె ఇంటాయనను కాదు, ఇంటామెను పిలిచేది. ఆమె చేతికే మగ్గు ఇచ్చి, మూల మూలకూ నీళ్లు పోయించేది. ఎందుకని అడిగితే, “ఆయన మెరుపు చూస్తడు. దినాం కడిగేది ఈమె గద” అంది. నీళ్లు కదులుతున్నంతసేపూ ముత్తమ్మత్త ఒక్క మాట మాట్లాడేది కాదు, మమ్మల్నీ మాట్లాడనిచ్చేది కాదు.

నేను సొంతంగా చేసిన మొదటి పని కల్లూరు వైపు ఒక రైతు ఇంట్లో. కృష్ణా జిల్లా నుంచి వచ్చి స్థిరపడినవాళ్లు. ఇది బాగా వస్తే పక్కనే కడుతున్న వాళ్ల అబ్బాయి ఇంటి పనీ నాదే అన్నారు. మేస్త్రిగా నా పేరు నిలబడేదీ పడేదీ అక్కడే. ఆ రోజు పాపకు ఒళ్లు కాస్త వెచ్చగా ఉంది. పైపు నింపాను, గబగబా గీతలు పెట్టాను, బుడగ చూడలేదు.

ఆరిన మర్నాడు ఇంటావిడ మగ్గెత్తి పోసింది. ముత్తమ్మత్త చూడటానికి వచ్చి గడపలో నిలబడి ఉంది. నీళ్లు జాలీ వైపు వెళ్లలేదు. ఎదురు మూలకు చేరి, అక్కడే మడుగు కట్టాయి.

“ఇదేంటమ్మా, ఇక్కడే నిలిచిపోయాయి? చదువుకున్న పిల్లవి, నీకెందుకొచ్చిన పనిది?” అంది ఇంటావిడ.

“పాపకు ఒంట్లో బాగాలేదత్తా, తొందరలో...” అని ముత్తమ్మత్త వైపు తిరిగాను. ఆమె చాలా నెమ్మదిగా అంది. “నీళ్లకు నీ పాప తెల్వదు బిడ్డా.”

ఆమె తాపీ అందుకుని నాలుగు గంటల్లో సరిచేసేస్తుందని ఆశపడ్డాను. ఆమె చేతులు చాచి నా చంకలోని పాపను తీసుకుంది. “దీన్ని నేను పట్టుకుంట. సుత్తె నువ్వు పట్టుకో.”

“నువ్వు చేస్తే తొందరగా అయిపోతుంది కదత్తా.”

“అవ్, అయితది. రేపటి సంది ఈమె నన్నే పిలుస్తది. నిన్ను ఎవలు పిలుస్తరు?” అని, ఇంటావిడ వైపు తిరిగింది. “అమ్మా, ఈ పిల్లనే పగలగొడ్తది, ఈ పిల్లనే ఏస్తది. ఆరినంక మల్ల మగ్గు మీ చేతికే ఇస్తది.”

నేను వేసిన టైల్స్‌ను నేనే పగలగొట్టాను. మొదటి దెబ్బ ఏడుస్తూనే వేశాను. మూడో టైలు దగ్గర ఏడుపు ఆగిపోయింది. బయట వేపచెట్టు కింద ముత్తమ్మత్త వాళ్ల గూడెం భాషలో ఏదో పాడుతూ పాపను ఆడిస్తోంది. పైపు మళ్లీ నింపి, రెండు కొనలూ పక్కపక్కన పెట్టి, నీళ్లు ఒకే ఎత్తులో నిలిచాయని, బుడగ లేదని మూడుసార్లు చూసుకున్నాను. మిగిలిన పెట్టెలోని టైల్స్ సరిగ్గా సరిపోయాయి. రెండో పరీక్షలో ఇంటావిడ పోసిన నీళ్లు మూల నుంచి కదిలి, మెల్లగా, గుడగుడమంటూ వెళ్లిపోయాయి. ఆవిడ ఖాళీ మగ్గు నా చేతికిచ్చి, “మా అబ్బాయి ఇంట్లో రెండు బాత్రూములమ్మా” అంది.

ముత్తమ్మత్త మోకాళ్లు ఇప్పుడు వంగడం లేదు. ఊరికి వెళ్లిపోతూ తన పైపు నాకిచ్చింది. భయం నన్ను వదిలిందని చెప్పలేను. పాప నిద్రపోయాక ఈ మాటలు రాస్తూ కూడా రెండుసార్లు లేచి నుదురు తాకి చూశాను. రేపు పాల్వంచలో ఒక గచ్చుకు పరీక్ష ఉంది. ఎప్పటిలాగే ఇంటామెకు మగ్గు ఇస్తాను, నోరు మూసుకుని నిలబడతాను. ఇచ్చే ముందు సంచిలోంచి సుత్తె తీసి, ఆమెకు కనిపించేలా గడప పక్కన పెడతాను.