అత్తమ్మకు కనబడని పాలపిట్ట

విడాకులయ్యాక అత్త మనకు ఏమవుతుంది? ఏళ్లుగా ఈ ప్రశ్నను మోస్తూనే ఉన్నాను. పోయిన వారం మా ఆడబిడ్డ ఫోన్ చేసి, "వదినా, అమ్మ పోయింది" అన్నప్పుడు కూడా కన్నీళ్లకంటే ముందు అదే వచ్చింది. ఆఫీసులో సెలవు అడిగితే, "ఎవరండీ పోయింది?" అన్నాడు మేనేజర్. "అత్తమ్మ" అన్నాను. నా సంగతి తెలిసిన మనిషి. అయినా "వెళ్లి రండి" అన్నాడు.

నానక్‌రామ్‌గూడలో, అద్దాల భవనాల నడుమ మిగిలిపోయిన పాత గల్లీలో వాళ్ల ఇల్లు. నాది కడప. విడిపోయి బాచుపల్లిలో కిరాయి ఇంట్లోకి మారిన ఏడాది, దసరా పొద్దున అత్తమ్మ ఫోన్ చేసింది.

"పాలపిట్టను చూడ పోదాం. కారు తీస్తవా?"

దసరా నాడు పాలపిట్ట కంటపడితే ఏడాదంతా మంచిదని ఇక్కడివాళ్ల నమ్మకం. అంతకుముందు ఇంటిల్లిపాదీ వెళ్లేవాళ్లం.

"ఇప్పుడు నేనెట్లా వచ్చేది అత్తమ్మా? ఎవరన్నా ఏమన్నా అనుకుంటారు."

"ఏమనుకుంటరు? కోర్టోళ్లు కాయితం మీ ఇద్దరికిచ్చిండ్రు. నాకెవ్వలియ్యలే."

నన్ను ఇంటి దాకా రానిచ్చేది కాదు, కొడుకు ఎదురుపడితే ఇబ్బంది పడతానని. షేర్ ఆటోలో తానే చౌరస్తాకు వచ్చి, ఇస్త్రీ బండి పక్కన సర్వపిండి డబ్బాతో నిలబడేది. తర్వాత దసరాకే కాదు, చలికాలం ఆదివారాలు కూడా వికారాబాద్ దారి పట్టేవాళ్లం. అక్కడ గుట్ట పైన ఉన్న అడవి నాకిష్టం, కింద చెరువు వెనక పల్లం ఆమెకిష్టం. వడ్రంగి పిట్ట కోసం నేను మెడ పట్టేసేదాకా చూస్తుంటే, ఆమె కొంగు నెత్తి మీదికి లాక్కుని రాయి మీద కూర్చునేది.

"చెట్లల్ల ఏం కనబడ్తది పిల్లా? పల్లంల కొంగలన్న కనబడ్తయి, నడువు."

బైనాక్యులర్ ఇవ్వబోతే, "ఆ గొట్టాలు నాకొద్దు, కండ్లు తిరుగుతయ్" అని తోసేసేది.

పిట్టలున్న చోట గట్టిగా మాట్లాడకూడదు కదా. దాంతో కొడుకు ఊసు, కోర్టు ఊసు ఎన్నడూ రాలేదు. సర్వపిండిలో కారం ఎక్కువైందా లేదా అన్నంత వరకు గుసగుసలు సరిపోయేవి. మాకు అంతకంటే ఏం కావాలి, మీరే చెప్పండి.

దసరా నాడు మాత్రం ఆమెకొక పట్టింపు. పిట్ట ఇద్దరికీ కనబడాలి. కనబడగానే జమ్మి ఆకులు చేతులు మారేవి, నేను కాళ్లకు మొక్కేదాన్ని, ఇక ఇంటికి.

పోయిన దసరాకు, పల్లం ఇంకా రాకముందే రోడ్డు పక్క కరెంటు తీగ మీద పాలపిట్ట కనబడింది. కారు ఆపాను. కూర్చున్నంతసేపూ అది మట్టిరంగు పిట్టే. రెక్క విప్పితే గానీ ఆ నీలం తెలియదు. విప్పింది, మా ముందు నుంచే దాటిపోయింది.

"చూసినావా అత్తమ్మా!"

"ఏదీ? నాకు కనబడలే."

"ఇంత దగ్గర్నుంచి పోయింది కదా!"

"కనబడలేదంటున్న కద. ఫికర్ జెయ్యకు, జర ముందుకు పోదాం."

చూసి కూడా లేదంటోందని నాకు గట్టి నమ్మకం. ఇంత తొందరగా ఇంటికి పోవడం ఇష్టం లేకనే అనుకున్నాను. ఆమెకు నేను ఏమవుతానో ఆ అబద్ధమే చెప్పిందని దారంతా నాలో నేనే నవ్వుకున్నాను.

మొన్న ఆ ఇంట్లో ఆడబిడ్డ నా పక్కన కూర్చుని అంది: "నీకు తెల్వదా వదినా? అమ్మకు ఎప్పటి సందో కండ్లు ఆనుతలేవు. ఆపరేషనంటే దవాఖానకు రానని మొండికేసింది."

మరి ఆ దసరా పూటే నా చున్నీకి అంటుకున్న పల్లేరుకాయను ఎలా చూసి తీసింది? దగ్గరివైతే కనబడేవేమో. ఏమో.

అప్పటి నుంచి ఆ సాయంత్రం చివరే కళ్లలో మెదులుతోంది. పొద్దు వాలింది. పల్లంలో గట్టు మీద, నుదుటికి చెయ్యి అడ్డం పెట్టుకుని ఆమె చాలాసేపు నిలబడింది. "అగో, పోతున్నది. చూసినవా?" అంది. అటు నీళ్లు, తుంగ, వెలుతురు తగ్గిన ఆకాశం తప్ప నాకేమీ కనబడలేదు. "చూశాను" అన్నాను. ఆమె కొంగు ముడి విప్పి జమ్మి ఆకులు నా చేతిలో పెట్టి, నా వేళ్లను తన వేళ్లతో మూసింది.

మొదటి పిట్టను చూసి లేదన్నదా, రెండోదాన్ని చూడకుండానే ఉందన్నదా, నాకిప్పటికీ తేలడం లేదు.