నా గ్లాసు పక్కన బుడ్డలు

ఈ సాయంత్రం నంద్యాలలో మా ఇంట్లోనే కాక్‌టెయిల్ కలుపుకున్నా. అమారో అని ఇటలీ మందు, మూలికలతో చేస్తారు, చేదూ తీపీ కలిసి ఉంటుంది. బత్తాయి రసం, సోడా, ఐసు వేసి గ్లాసు ఎత్తేసరికి మా అత్త వంటింట్లోకొచ్చింది.

"ఏందిమ్మే అది, కషాయం వాసనొస్తాంది?"

ఆమె వెనక మా ఆయన, అవునని చెప్పమని సైగ చేస్తాండాడు. నేను చెప్పలా.

"కాదత్తా, మందు. నీ కొడుకు మిద్దె మీద తాగుతాంటే వేరుశెనగ బుడ్డలు వేయించి పంపుతావే, అట్లాంటిదే."

"వాడు మగోడు," అనింది.

సరేనని బుడ్డలు నేనే వేయించుకున్నా. ఉప్పూకారం చల్లి, ఆమె ముందరే కూర్చుని తాగినా. మా ఆయన చెయ్యి చాపితే గిన్నె ఇవతలికి జరుపుకున్నా.

మీ ఇండ్లల్లో చెప్పండి, గ్లాసు పడితే ఎవరికి బుడ్డలొస్తాయి, ఎవరికి తిట్లొస్తాయి?