ఊదారంగు న్యాసాలాండ్ స్టాంపు

తొంభైల్లో అమలాపురంలో స్టాంపుల ప్రదర్శన పెట్టారు. మా మావయ్యగారు నాకిచ్చిన, ఇంగ్లీషువాళ్ల పాలననాటి ఆఫ్రికా స్టాంపు ఒకటి పట్టుకెళ్లాను. ఊదారంగు న్యాసాలాండ్‌ది. నిపుణుడినని చెప్పుకు తిరిగే న్యాయనిర్ణేత ఒకాయన, "అసలుదో నకిలీదో తేల్చేస్తానండీ" అంటూ, నేను వద్దనేలోపే దాన్ని నీళ్ల గ్లాసులో ముంచేశారు. దానిమీదున్న ఇంగ్లీషు రాజుగారి బొమ్మ నా కళ్లముందే కరిగిపోయింది.

"చూసేరా, రంగు దిగిపోయింది. నకిలీదండీ!" అన్నారు గర్వంగా.

"అసలుదానికే దిగుద్దండీ. పోస్టాఫీసు ముద్ర కడిగేసి మళ్లీ వాడకుండా, నీళ్లు తగిల్తే దిగిపోయే సిరాతో అచ్చేసేవారు" అన్నాను ఏడుపు ఆపుకుంటూ.

"ఆయ్, అది నాకూ తెలుసండీ" అన్నారాయన.

తెలిసే ముంచారట! స్టాంపు పోయిన బాధ ఎప్పుడో తగ్గింది. వేళ్లకంటిన ఊదారంగు తీరిగ్గా తుడుచుకుంటున్న ఆయన ముఖంలో మాత్రం ఏ రంగూ మారలేదు. అది తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.