‘నాకు స్వయంగా తెలుసు’

వీధిలో అందరూ ఆవిడను సీలమ్మ అనేవారు. ఎదురుపడితే మాత్రం ‘నోటరీ గారూ’ అని పిలిచేవారు. ఇరవై రెండేళ్లుగా జిరాక్స్ షాపు పక్క గదిలో ఒక బల్ల, రెండు కుర్చీలు, స్టాంపు ప్యాడు పెట్టుకుని కూర్చునేది. కాగితం మీద సంతకం చేసింది ఫలానా మనిషేనని ధ్రువీకరించి సీలు ముద్ర వేయడం ఆవిడ పని. తెలిసినవాళ్లయితే గుర్తింపు కార్డు అడగక్కర్లేదు; ‘ఈ మనిషి నాకు స్వయంగా తెలుసు’ అని రాస్తే పాత చట్టానికి సరిపోయేది. ఆ ఒక్క వాక్యం రాయడమంటే ఆవిడకు ఎంత గర్వమో!

“ఈ వీధిలో నేనెరగని మొహం ఉందంటే అది ఇంకా పుట్టని పిల్లదే” అనేది భర్తతో.

“పుట్టకముందే ఎవరి పోలికో కూడా చెప్పేస్తావులే” అనేవాడాయన.

ఆ ఏడాది చట్టం మారింది. స్వయంగా తెలుసంటే ఇక చెల్లదు. ఎవరొచ్చినా ఫొటో ఉన్న కార్డు చూడాలి, దాని నంబరు రిజిస్టరులో ఎక్కించాలి, పక్కనే వేలిముద్ర తీసుకోవాలి. మొదటి వారంలోనే కార్డు అడిగినందుకు కిరాణా కొట్టాయన అలిగి రెండు రోజులు మాట్లాడలేదు.

రెండో వారంలో టైలరక్క వచ్చింది. సీలమ్మ కూతురి చిన్నప్పటి గౌన్ల నుంచి ఆఫీసు బట్టల దాకా అన్నీ కుట్టిన మనిషి. ఎనిమిదేళ్ల కిందటి దాకా పగలు యూనిఫాంలు కుట్టే ఫ్యాక్టరీలో పనిచేసేది. అక్కడి పెన్షన్ ఆగకుండా రావాలంటే, బతికే ఉన్నట్టు ఏటా ఒక పత్రం పంపాలి. ఎనిమిదేళ్లుగా ఆ పత్రం మీద సీలమ్మ ముద్రే.

“కార్డు తెచ్చావా అక్కా?”

“కార్డెందుకే? నేనెవరో నీకు తెలీదా?”

“తెలుసు. కానీ కొత్త చట్టం నా కళ్లని నమ్మట్లేదు. ఏం చేయను?”

టైలరక్క నవ్వలేదు. సంచిలోంచి కార్డు తీసి ఇచ్చింది.

ఫొటో ఆమెదే. పేరు వేరు. పుట్టిన సంవత్సరంలో నాలుగేళ్లు తేడా.

“ఇదెవరి పేరు?”

“నాదే.”

“మరి ఈ పత్రంలో ఉన్నది?”

“మా అక్కది. పోయి ముప్పై ఒక్క ఏళ్లయింది.”

సీలమ్మ పాత రిజిస్టర్లు తీసి, ఆ పేరున్న ఎంట్రీలు ఒక్కొక్కటే చూసింది.

ఫ్యాక్టరీలో ఉద్యోగం వచ్చిన నాలుగో రోజున అక్క జ్వరంతో పోయిందట. అక్కడ అక్క మొహం గుర్తున్నవాళ్లు లేరు. ఇంట్లో తల్లి మంచం మీద ఉంది. చెల్లెలు ఆ ఉద్యోగం కాగితం పట్టుకెళ్లి మిషను ముందు కూర్చుంది.

“ఇరవై మూడేళ్లు కుట్టాను. పనంతా నాదే. పేరొక్కటే నాది కాదు.”

“ఎనిమిది సార్లు రాశానక్కా! బతికే ఉంది, నాకు స్వయంగా తెలుసు అని... నేనెన్నడూ చూడని మనిషి గురించి!”

“నువ్వెప్పుడైనా అడిగావా?”

సీలమ్మ పత్రం తిరిగి ఇచ్చేసింది. ముద్ర వేయలేదు. సాయంత్రం ఇంటికెళ్లి జరిగిందంతా భర్తకు చెప్పింది.

“ఇకమీద వేయకు. పాతవి ఎవరు తవ్వి చూస్తారు?” అన్నాడు భర్త.

“వాటి మీదున్నది నా ముద్రే కదండీ.”

మర్నాడు, నిజం చెప్పేద్దాం తోడు రమ్మని టైలరక్కను అడిగింది. “నా నోటి దగ్గర కూడు తీస్తావా?” అని ఆమె తలుపు వేసేసుకుంది. సీలమ్మ ఒక్కతే రిజిస్ట్రారు ఆఫీసుకు వెళ్లి ఎనిమిది ఎంట్రీలూ చూపించింది.

“మీ అంతట మీరే వచ్చారా?” అని ఆఫీసరు రెండుసార్లు అడిగాడు.

ఆవిడ లైసెన్సు ఆరు నెలలు ఆపేశారు. టైలరక్క పెన్షన్ పది నెలలు ఆగింది. చివరికి పక్క మిషన్ల మీద కుట్టిన ఇద్దరు ఆడవాళ్లు వచ్చి, ఇన్నేళ్లూ పనిచేసింది ఈమేనని వాంగ్మూలం ఇచ్చారు. ఫ్యాక్టరీ పాత జీతాల రిజిస్టరులోని వేలిముద్రలు కూడా ఆమెవాటితో కలిశాయి. పెన్షన్ ఆమె సొంత పేరు మీదకు మారింది. అన్నాళ్లూ ఆమె సీలమ్మ గుమ్మం తొక్కలేదు.

మరుసటి ఏడాది పత్రం పట్టుకుని వచ్చింది. కార్డు ఇచ్చింది, వేలిముద్ర వేసింది. సీలమ్మ ముద్ర ఎత్తబోతుంటే ఆపింది.

“ముందు గట్టిగా చదువు. నా పేరు నీ నోట విననీ.”

ఇన్నేళ్లలో ఒక్కసారీ పలకని ఆ పేరు చదవబోయి సీలమ్మ రెండో అక్షరం దగ్గర తడబడింది. కార్డు దగ్గరికి పెట్టుకుని మళ్లీ మొదలుపెట్టింది.